బిరడా లేవగానే చెప్తా

ఇల్లరికం వచ్చిన కొద్ది నెలల్లోనే అతనికి ఆ ఇంట్లో ఓ పేరు స్థిరపడిపోయింది: టప్పు బావ. పెట్టింది బావమరిది. మామగారి వంటసామాను కొట్లో గ్యాసు ఓపెనర్ పనితీరు చూపించడం అతని ఉద్యోగం మరి. పిడికిట్లో ఇమిడే గొట్టం, అడుగున సన్నటి సూది, పైన మీట, లోపల వేలెడంత గ్యాసు బుడ్డి. సూదిని వైన్ సీసా బిరడాలో ఆ చివరికంటా దించి, మీట నొక్కి వదిలితే, బిరడా కింద గ్యాసు చేరి దాన్ని పైకి తోస్తుంది. టప్! జనం నోళ్ళు తెరుస్తారు. కొందరు కొంటారు కూడా.

కొట్లో సీసా నిండా రంగునీళ్ళే. బిరడా కూడా ఒక్కటే, తీసిందాన్నే మళ్ళీ కూరుస్తాడు. సూది దిగీ దిగీ అది ఉఫ్‌మంటే లేచొచ్చేంత మెత్తబడింది.

పెళ్ళికి ముందు అతను మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. మూలబడ్డదాన్ని విప్పి, రోగం కనిపెట్టి బిగిస్తే గిర్రున తిరిగేది. ఆ సుఖమే వేరు. ఇక్కడ బాగున్నదాన్నే బాగుందని రోజంతా చెప్పాలి.

మామగారు చెడ్డవాడైనా బాగుండేది, తిట్టి పోవచ్చు. ఆయన కొసరి కొసరి వడ్డిస్తారు. చెప్పులు అరిగాయని తనే గమనించి కొత్తవి తెచ్చి గుమ్మంలో పెడతారు. ఆ చెప్పులేసుకుని కొట్టుకి తప్ప ఇంకెక్కడికి పోతాడు?

పాత సావాసగాడొకడు రేవు పట్నంలో మరమ్మతుల షాపు పెట్టి కబురు చేశాడు. "పైన గది ఖాళీగా ఉంది, మీ ఆవిణ్ణి తీసుకుని వచ్చేయ్. రేపు పొద్దున్నకల్లా చెప్పకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా, తర్వాత నన్ననకు" అన్నాడు. భార్య అప్పుడే సంచి సర్దేసింది.

"ఇవాళైనా నోరు విప్పుతారా, గంగిరెద్దులా తలూపి వస్తారా?" అంది.

"విప్పుతా. భోజనాలప్పుడు నన్నే వైన్ తీయమంటారుగా. బిరడా లేవగానే అందరూ నవ్వుతుంటారు. అప్పుడు చెప్తా."

"మీ ధైర్యానికీ గ్యాసు కావాలన్నమాట!"

ఆ సాయంత్రం భోజనానికి వచ్చినాయన పక్కవీధిలో కొత్త కట్టడం యజమాని. మామగారు ఏళ్ళ తరబడి దాచుకున్న సీసా బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టారు.

"చూడండి మావాడి చెయ్యి. ఏదీ, కానీ అల్లుడూ!"

అతను సూది దించి మీట నొక్కాడు. ఉస్సుమంది. బిరడా నూలుపోగంత కదిలి ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే ఉస్సు కూడా సగమే వచ్చింది. అప్పుడు వెలిగింది అతనికి. పొద్దుట్నుంచి కొట్లో ఆడించిన బుడ్డే ఇందులో ఉంది. ఆఖరి ఊపిరి పోయేదాకా కొత్తది వేయకూడదన్నది మామగారి నియమం. ఆ అలవాటులోనే దాన్ని జేబులో వేసుకొచ్చేశాడు. ఇంట్లో ఇంకో బుడ్డి లేదు.

"ఏం బావా, ఇవాళ టప్పు లేదు, ఉస్సేనా?" బావమరిది పగలబడి నవ్వాడు.

"బిరడాకి కూడా మీ ఇల్లు వదలాలని లేదండీ," అన్నాడు వచ్చినాయన.

భార్య వడ్డన ఆపి అతని వంకే చూస్తోంది.

"పోన్లేవయ్యా, తాగడానికి పైకే రావాలా ఏంటి?" అంటూ మామగారు గరిటె కాడతో బిరడాని లోపలికే పొడిచేశారు. బుడుంగున మునిగి తేలింది. కానీ సీసా వంచినప్పుడల్లా మెడకి అడ్డం పడుతోంది.

"ఆ సూదితో దాన్ని కాస్త వెనక్కి నెట్టి పట్టుకో అల్లుడూ."

పట్టుకున్నాడు. ఆయన సీసా ఎటు తిప్పితే అటు వంగుతూ, గ్లాసు గ్లాసుకీ.

"పక్కవీధి కొట్టు వచ్చే నెల తెరుస్తున్నాం," అన్నారు మామగారు, గ్లాసెత్తి. "అంతా మా అల్లుడే చూసుకుంటాడు. వీడుండబట్టే ఈ వయసులో ఇంత సాహసం. ఏమంటావ్?"

"మామయ్యా..." అన్నాడతను.

భార్య చేతిలో గిన్నె ఆగింది.

"చెప్పు బాబూ. మొహమాటమెందుకు, మనింట్లో!"

ఆ 'బాబూ' దగ్గరే అతని మాట దారి మళ్ళింది.

"గ్యాసు అయిపోయింది మామయ్యా."

"ఓస్, అంతేనా! ఇంకేదో అనుకుని హడలిపోయాను. రేపు కొట్లో కొత్త బుడ్డి తీసుకో."

"అలాగే."

భార్య గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళింది. కాసేపటికి సంచి జిప్పు లాగిన చప్పుడు, ఆ వెనకే బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. చీరలు మళ్ళీ అరల్లోకి పోతున్నాయి.

"ఇంకాస్త పోద్దాం వారికి," అన్నారు మామగారు సీసా ఎత్తుతూ.

అతను సూదిని మళ్ళీ సీసా మెడలోకి దించాడు.