చంద్రమౌళి గడప దాటిపోయిన పీరు

మిర్చి బస్తాలు మోసే మొగిలయ్య చాలా మంచివాడని మా వాడలో అందరూ అంటారు. అననివ్వండి. అతని కోపం సంగతి నాకు తెలుసు, అందుకే అతనంటే నాకు గౌరవం.

మాది వరంగల్‌లో హమాలీల వాడ. చిన్నప్పుడు ఎవరింట్లో చారు మరిగితే అక్కడే కూర్చుని తినేవాళ్లం. మొగిలయ్య వాళ్లమ్మ నిర్మలత్త నాకూ ముద్దలు కలిపి పెట్టేది. అలాంటి మనిషి పరువు పట్టపగలు నడివీధిలో తీశాడు కిరాణా కొట్టు చంద్రమౌళి. బెల్లం దిమ్మె కనపడలేదని, అందరూ చూస్తుండగా కొంగు విప్పి దులపమన్నాడు. ఆమె దులిపింది. ఏమీ రాలలేదు. మొగిలయ్య, నేను పక్కనే నిలబడి చూశాం. సాయంత్రానికి బెల్లం బియ్యం బస్తాల వెనక దొరికింది. నరం లేని నాలుక దొంగ అనడానికి తిరిగింది గానీ, తప్పైందనడానికి తిరగలేదు. అప్పట్నుంచి నిర్మలత్త ఉప్పు కోసమైనా స్టేషన్ దాకా నడిచేది. ఆయనేమో కడుపులో చల్ల కదలకుండా బతికాడు.

మొహర్రం మా వాడలో అందరి పండుగ. పీర్లను చూసుకునేది మా నాన్న ఖాజా పాషా. రంగుగుడ్డలు కట్టిన పెద్ద పీరును ఎత్తుకుని ఊరేగేది మొగిలయ్య. ప్రతి గడప ముందూ పీరు ఆగుతుంది, ఆ ఇంటివాళ్లు ఎత్తినవాడి కాళ్ల మీద నీళ్లు పోసి, పీరుకు ఎండుకొబ్బరి కుడకల దండ వేసి మొక్కుతారు. ఎత్తినవాడిని నడిపించేది పీరేనని మా నమ్మకం. అందుకే ఎటు నడిచినా ఎవరూ అడగరు. ఇన్నేళ్లూ మొగిలయ్య చంద్రమౌళి గడప ముందు కూడా పళ్లు బిగించి ఆగాడు.

మొన్న చలికాలంలో నిర్మలత్త పోయింది. చంద్రమౌళి వచ్చి శవం మీద పూలదండ వేసి వెళ్లాడు. అప్పుడు కూడా తప్పైందన్న ఆ ఒక్క మాట అనలేదు.

ఈసారి మొహర్రానికి చంద్రమౌళి గుండె ఆపరేషన్ గట్టెక్కినందుకు మొక్కు తీర్చుకోవాలని, కుడకల దండ పట్టుకుని తానే గడపలో నిలబడ్డాడు. పక్కన భార్య కమల నీళ్ల బిందెతో ఉంది. పీరు దగ్గరికొచ్చింది. మొగిలయ్య అతని ముఖంలోకి ఒకసారి చూసి ముందుకు నడిచాడు. డప్పుల వాళ్లు తడబడ్డారు. మా వాడలో పీరు ఏ ఇంటినీ అలా దాటిపోలేదు. ముసలాయన దండ చాపి రెండడుగులు వెంటపడి, అందరి కళ్లూ తన మీదే ఉన్నాయని తెలిసి ఆగిపోయాడు. ఆ ఇంట్లో ఏం పాపముందోనని జనం గుసగుసలాడారు. ఏ పాపమో వాళ్లకు తెలియదా? నాకు మాత్రం కడుపు చల్లబడింది.

పీర్ల చావిడికి చేరాక నాన్న పీరును అందుకుంటూ మెల్లగా అడిగాడు.

"దాటిపోయింది పీరా, నువ్వా?"

"నేనే మామా," అన్నాడు మొగిలయ్య. "వచ్చే ఏడు నాకియ్యకు. ఇస్తే మళ్ల గట్లనే దాటిపోత."