మాట విననివాడు

నా బావ ఎలా చనిపోయాడని అడిగిన ప్రతివాళ్లకూ నేను ఒక అబద్ధం చెప్పాను. దాన్ని మార్చకుండా ఇన్నేళ్లూ మోశాను. పెద్దదేమీ కాదు, రెండు మాటలు. చెప్పినప్పుడు బరువు తెలియలేదు. నా అక్క బతుకంతా దాని కిందే గడిచింది. ఇప్పుడు ఆమె కూడా లేదు. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు.

మాది కోడుమూరు దగ్గర. నేత కుటుంబం. యాభైల మొదట్లో వరుసగా వానలు లేవు. నూలు దొరకలేదు, దొరికి నేసినా చీర కొనేవాళ్లు లేరు. ఊళ్లో గంజి పోస్తుంటే చెంబు పట్టుకొని నిలబడిన రోజులవి. అండమాన్ దీవుల్లో చెట్లు కొట్టే పనికి ఒక మేస్త్రీ మనుషులను పోగుచేస్తూ వచ్చాడు. నేను పోతానన్నాను. అక్క అప్పటికి కడుపుతో ఉంది. అయినా నాకు తోడుగా తన భర్తను పంపింది. బావ నాకంటే పెద్దవాడు, నెమ్మదైనవాడు. ఆయన బడికి పోలేదు, నేను హైస్కూలు దాకా చదివాను. ఆ తేడా నా మనసులో ఎప్పుడూ ఉండేది. ఆయన మనసులో ఉన్నట్టు కనిపించేది కాదు.

మేమున్న దీవిలో సముద్రం ఒడ్డునే పెద్ద కొండ ఉంది. అడుగు నుంచి కొన దాకా అడవే. ఎండ నేల మీద పడదు. వేర్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి, జలగలు మడమలు పట్టుకుంటాయి. పని లేని ఒక ఆదివారం మేమిద్దరం దాన్ని ఎక్కాం. గొప్ప కారణమేమీ లేదు. పైనుంచి చూస్తే నాలుగు దిక్కులా నీళ్లే కనిపిస్తాయని ఎవరో అన్నారు. నీళ్ల కోసం మొగం వాచి వచ్చినవాళ్లం, చూడాలనిపించింది. తిరుగుదారి తెలియడానికి చెట్లకు కత్తితో గాట్లు పెట్టుకుంటూ పోయాం. కొన మీద మబ్బు అడ్డం వచ్చి ఒక్క దిక్కే కనిపించింది. బావ చాలాసేపు చూశాడు. "ఇన్ని నీళ్లుండి దోసెడు తాగేకి రావు" అని నవ్వాడు.

కొంచెం కిందకు దిగాక ఒక వంక కనిపించింది. మా సీమలో వంక అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే చిన్న ఏరు. మాకు అదే బాట. బళ్లు అందులోనే పోతాయి. నేను బడికి పోయింది వంకలో ఇసుక తొక్కుకుంటూనే. దారి తప్పినవాడు వంక పట్టుకుంటే చెరువు వస్తుంది, చెరువు కింద ఊరు ఉంటుంది. ఇది మాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఆ దీవిలో వంకలో కూడా నీళ్లు చీలమండల దాకానే ఉన్నాయి. అది నేరుగా సముద్రం వైపు దిగుతోంది. మా గుడిసెలు ఆ ఒడ్డునే. నాకు అంతా సరిపోయినట్టే అనిపించింది.

ఆ తర్వాత మా మధ్య నడిచిన మాటల్లో ఒక్కటి కూడా మరచిపోలేదు.

"బావా, వంక పట్టుకొని దిగుదాం. పొద్దు గూకేలోపల కూడు తింటాం" అన్నాను.

ఆయన నిలబడ్డాడు. "వద్దప్పా. గాట్లు పెట్టిన దారి ఉండాది గదా. ఇది మన వంక గాదు. పైన వాన పడతాండాది, సూడు."

"పడితే మనకేమి? మన కాడ వంక రావాలంటే మూడు దినాలు పడాల."

"అది మన కాడ. ఈడ ఎట్లొస్తాదో నీకెరుకనా, నాకెరుకనా?"

అప్పుడు నేనన్న మాట ఇది. "మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూసునేటోనికి కొండలు యాడ తెలుస్తాయిలే బావా! భయమైతే చెప్పు, ఎత్తుకొని దించుతా. అక్కకు చెప్పనులే."

బావ బామ్మర్దుల మధ్య ఇలాంటివి మామూలే. ఆయనా నవ్వాడు. "నోరు శానా ఉండాది నీకు. పద, నీ సదువు యాడికి తీస్కపోతాదో సూస్తా" అని వంకలోకి దిగాడు.

ఆ వంక ఏ ఊరికీ చేరలేదు. కొండ అంచున ఆగిపోయింది. నీళ్లు అక్కడి నుంచి తాటిచెట్టంత లోతున సముద్రపు బండల మీద పడుతున్నాయి. ఏం చేయాలా అని చూస్తుండగానే వెనక నీళ్లు పెరిగాయి. చీలమండల దాకా ఉన్నవి మోకాళ్లు దాటాయి. నేను ఒక వేరు పట్టుకొని గట్టు ఎక్కాను. బావ చేయి చాచాడు. నేనూ చాచాను. పాచి మీద ఆయన కాలు జారింది. చేయి అందలేదు. ఈ క్షణంలో నా తప్పు లేదు. ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఇక్కడ లేదు. తప్పు పైన, ఆ మాటల దగ్గర జరిగింది. కిందకు వచ్చాక మళ్లీ జరిగింది.

మరునాడు పడవలో పోయి ఆయన్ను తెచ్చారు. ఒడ్డునే పూడ్చాం. గాట్లు పెట్టిన దారి వదిలి అటెందుకు పోయారని మేస్త్రీ అడిగాడు. "చెప్తే వినలేదు" అన్నాను. ఎందుకన్నాను? పనిలోంచి తీసేస్తారనా? ఆ సంగతి నాకు తట్టనే లేదు. మాట దానంతటదే వచ్చింది. ఆలోచించి చెప్పిన అబద్ధమైతే ఆలోచించి వెనక్కి తీసుకునేవాణ్ణేమో.

ఇంటికి వచ్చాక అక్క ఏడవలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది. "నువ్వు తోడుండి ఎట్ల పోనిచ్చినావప్పా?"

"చెప్తే ఇనలేదక్కా."

"నువ్వు చెప్పినా?"

"నేను చెప్పినా."

నిజానికి ఆ రోజు బావ చేసిన పొరపాటు ఒక్కటే, నా మాట వినడం.

ఆ అబద్ధం ఏం చేస్తుందో పెద్దల అమావాస్య నాడు తెలిసింది. ఆ రోజు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి కొత్త బట్టలు పెడతాం, అన్నం వడ్డిస్తాం. నేతవాళ్లం కనుక మా మగ్గం మీద నేసిన బట్టే పెడతాం. అక్క తన మామ పేరున పంచె పెట్టింది. ఆ మామ తల్లి పేరున చీర పెట్టింది. అంతటితో లేచింది.

"వానికో?" అని బావ తల్లి అడిగింది.

"మాట ఇనేవాళ్లకు పెడతా. బతికున్నప్పుడే ఇననోడు, సచ్చినంక పిలిస్తే వస్తాడా?"

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. అన్నం తిని వచ్చాను. ఆ ఏడే కాదు, ప్రతి ఏడూ. ఆయన కోసం ఏడవాల్సిన ఏడుపంతా ఆమెలో కోపంగా మారింది. తిట్టడానికి తప్ప ఆయన ఊసెత్తేది కాదు. నన్ను మాత్రం ప్రతిదానికీ అడిగేది. "మా తమ్ముడు ఒక మాట చెప్పినాడంటే ఊరికే చెప్పడు" అనేది. ఆమెను కొత్తగా బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నానని కొన్నేళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. చాలా పుస్తకాలు చదివిన మనిషికి ఇలాంటి కారణాలు తేలిగ్గా దొరుకుతాయి. అది కారణం కాదు. ఆమె నన్ను అలా పొగడడం నాకు కావాలి. అంతే.

నిరుడు ఎండాకాలంలో అక్క పోయింది. పెద్దల అమావాస్యకు ఆమె కొడుకు తల్లి పేరున చీర పెట్టాడు. వాడు తండ్రిని చూసి ఎరుగడు. "నాయనకు అమ్మ పెట్టేది కాదు, నేనూ పెట్టనులే మామా. మాట ఇననోడు గదా" అన్నాడు. కోపంతో అనలేదు. ఇంటి ఆచారం చెప్పినట్టు అన్నాడు.

అప్పుడు చెప్పాను. వంక, వాన, నేనన్న మాటలు, అన్నీ. అయిపోయాక వాడు విస్తరి వైపే చూస్తూ, "అమ్మకు చెప్పాల్సింది గదా మామా" అన్నాడు.

"అవును" అన్నాను.

వాడు లోపలికి పోయి కొత్త పంచె తెచ్చాడు. "లెయ్ మామా" అన్నాడు. లేచాను. నేను కూర్చున్న పీట తుడిచి, తల్లి చీర పక్కన వేసి, దాని మీద పంచె పెట్టాడు. తండ్రి పేరు గట్టిగా చెప్పాడు. నన్ను మళ్లీ కూర్చోమనలేదు.

తినకుండా ఇంటికి వచ్చాను. వాడు ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. నేను ఎదురుచూడటం లేదు. ఆ రోజు నడిచి వస్తుంటే మనసు తేలికగా ఉంది. దానివల్ల అక్కకు గానీ బావకు గానీ ఒరిగేదేమీ లేదు. తేలికపడే హక్కు నాకు లేదని కూడా తెలుసు. అయినా తేలికైంది. ఆ సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.