పెద్దమ్మ వేలికి తెలిసిన కాసు

దేవుడి బొమ్మలున్న బంగారు కాసులు కూడబెట్టడం నా పిచ్చి. తమిళనాడు ధర్మపురిలో మా అంగడి వెనక గదిలో లక్ష్మీదేవివి, మురుగన్‌వి, వెంకటేశ్వరుడివి చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో దాచుకున్నాను. పోయిన నెల వరకు వాటి మధ్య నాది కానిది ఒకటి ఉండేది.

అది పాపిరెడ్డిపట్టిలో ఉండే మా పెద్దమ్మది. రామపట్టాభిషేకం కాసు. తరాలుగా పసుపునీళ్ళలో కడిగి కడిగి రాముడి ముఖం నున్నగా అరిగిపోయింది. వీధిలో ఏ బిడ్డకు జ్వరమొచ్చినా తల్లులు పెద్దమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె కాసును నీళ్ళలో ముంచి, బొటనవేలితో రాముణ్ణి తడిమి, ఆ నీళ్ళు బిడ్డ నోట్లో పోసేది.

అంత పాతది నా దగ్గర లేదు. అడిగితే ఇవ్వదు. మెరుగు పెట్టిస్తానని తీసుకుపోయి, అదే బొమ్మతో, అంతే బరువుతో కొత్తది చేయించి ఇచ్చాను. బంగారంలో పిసరంత కూడా తగ్గలేదని నాకు నేను చెప్పుకున్నాను.

పెద్దమ్మ తడిమి చూసింది. “ఏమిరా, సామికి ముక్కు మొలిచింది?”

“మురికి పోయింది పెద్దమ్మా. అందుకే తెలుస్తా ఉండాది.”

“మీ అవ్వా నేనూ ఇన్నేండ్లు మురికికే మొక్కినామా?”

ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇది మన కాసు కాదని ఆమె అంటూనే ఉండేది. అత్తకు మతి పోయిందని కోడలు పూజనూ, బిడ్డలకు కాసు నీళ్ళు పోసే పనినీ తన చేతిలోకి తీసుకుంది. అప్పుడూ నేను నోరు విప్పలేదు. వేలికి స్పర్శ ఉందో లేదోనని పెద్దమ్మ వేడి కాఫీ గ్లాసు పట్టుకుని చూసుకుంటోందని కోడలే ఒకసారి ఫోన్లో నవ్వుతూ చెప్పింది. ఆ మాట నన్ను వదల్లేదు.

పోయిన నెల బస్సెక్కి వెళ్ళి, పాత కాసు ఆమె అరచేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని తడిమింది.

“నాకు తెలుసురా. వాళ్ళకు చెప్పు.”

“రాసి పంపిస్తా పెద్దమ్మా.”

“తెలుగులోనా? ఈ ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే.”

ఆ ఇంటి ముందువైపున్న వాళ్ళ అంగడిలోకి వెళ్ళి, కోడలికి, బేరానికొచ్చినవాళ్ళ ఎదుటే చెప్పాను. పెద్దమ్మకు మతి బాగానే ఉందని, కాసు మార్చింది నేనని.

కోడలు గల్లాపెట్టె మూసింది. “ఆ కొత్తదాని నీళ్ళకే బిడ్డలకు జ్వరాలు తగ్గినాయే, బావా?” అంది.

పాత కాసు ఇప్పుడు పెద్దమ్మ దగ్గరే ఉంది, కొత్తది కోడలి దగ్గర. తల్లులు మాత్రం కోడలి దగ్గరికే వస్తున్నారు.