ఎండబెట్టి చూడు

అమీర్‌పేటలో నా గది కింద మోటార్ వైండింగ్ షాపు. రోడ్డు మీదికి వస్తే చాలు, మైత్రీవనం దగ్గర కోర్సుల కరపత్రాలు పంచేవాళ్లు “జాబ్ గ్యారంటీ అన్నా” అంటూ వెంటపడేవారు. పీహెచ్‌డీ ఆరో ఏడు నడుస్తున్నవాడికి ఆ మాట ఎక్కడ తగులుతుందో వాళ్లకేం తెలుసు!

ఇంకా ఎవరూ తయారు చేయని పదార్థాలను కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. టోపలాజికల్ ఇన్సులేటర్లంటారు. లోపల కరెంటు పోదు, పైపొర మీద మాత్రం పోతుంది. అక్కడ ఎలక్ట్రాన్ ఏ దిక్కుకు పోతుందో దాన్ని బట్టి దాని స్పిన్, అంటే దానిలోని చిన్న అయస్కాంతం చూసే దిక్కు, కూడా ఖరారవుతుంది. ఆ స్పిన్‌తో నడిచే చిప్పులు చేయొచ్చని మా ఆశ. ఇదంతా షాపు భాయ్‌కి ఒకసారి చెప్పాను. ముప్పై ఏళ్లుగా మోటార్లకు తీగ చుడుతున్న మనిషి.

“మీద కరెంట్ వస్తే అది ఇన్సులేటర్ ఎట్లయితది భాయ్? ఖరాబ్ మాల్ అంటరు” అన్నాడు.

నవ్వేశాను. నాకు చదువెక్కువ కదా.

నేను లెక్కల్లో చూసిన పదార్థాన్ని నిజంగా స్ఫటికంగా పెంచేది వేరే ఊరి ల్యాబ్‌లో ఒకమ్మాయి. వరంగల్ వైపు పిల్ల, నన్ను అన్నా అనేది. గాజు గొట్టంలో సీలు చేసి వారాల తరబడి కొలిమిలో ఉంచాలి. మూడుసార్లు గొట్టం పగిలింది. ఏడాది పోయింది. నాలుగోసారికి స్ఫటికం చేతికొచ్చింది. ఆమె ఫెలోషిప్ ఆ నెలతో ఆఖరు. ఈ స్ఫటికం తప్ప థీసిస్‌లో పెట్టుకోవడానికి ఆమె చేతిలో ఇంకేమీ లేదు.

తప్పు నాదే. మా రంగంలో తొందరగా అయ్యే లెక్క ఒకటుంది. మామూలు ఇన్సులేటర్ కూడా దానికి ఒక్కోసారి టోపలాజికల్‌గా కనిపిస్తుంది. అందుకే పెద్ద లెక్కతో సరిచూశాకే ఎవరికైనా చెప్పాలి. పెద్ద లెక్కకు కంప్యూటర్ దగ్గర క్యూ పొడుగ్గా ఉందని నేను ముందే ఆమెకు “మొదలుపెట్టు” అని మెసేజ్ పెట్టాను. సరిచూడటం అదిగో ఇదిగో అంటూ వెనక్కి పోయింది. చివరికి ఒక మధ్యాహ్నం ఆ లెక్క పూర్తయింది. ఉత్త మామూలు ఇన్సులేటర్. మార్చి మార్చి మళ్లీ నడిపించాను. అదే జవాబు.

ఎట్లా చెప్పాలో తెలియక పంజాగుట్ట దాకా నడిచాను. అక్కడ ఆమే ఫోన్ చేసింది.

“అన్నా! కొలిచిన! లోపల లేదు, మీదంగనే కరెంట్ పోతున్నది. నువ్వు చెప్పినట్లే!”

పైన మెట్రో పోతోంది. ఆ చప్పుడులో ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. “మంచిగైంది” అని మాత్రం అన్నాను. ఎంత పిరికివాణ్నో నాకు అప్పుడు తెలిసింది.

తిరిగొచ్చి భాయ్‌కి చెప్పుకున్నాను. ఇంకెవరున్నారు చెప్పుకోవడానికి?

“తడిసిన మోటార్‌కి మీటర్ పెడితే సుత గట్లనే చూపిస్తది. జర ఎండబెట్టి చూడమను.”

గాలిలోని తేమ స్ఫటికం మీద పట్టి ఉంటుందని నాకు తట్టనే లేదు. వాక్యూమ్‌లో కాస్త వేడి చేసి మళ్లీ కొలవమని ఆమెకు మెసేజ్ పెట్టాను, ఏదో మామూలు జాగ్రత్త చెబుతున్నట్టు. అసలు సంగతి రాయలేదు. నాలుగు రోజులు నా లెక్క తప్పు కావాలని దేవుళ్లందరికీ మొక్కాను. అంతకంటే చేయగలిగింది నాకేమీ కనిపించలేదు.

ఐదో రోజు ఫోన్ వచ్చింది.

“ఎండబెట్టినంక ఏం లేదన్నా. నీకు ముందే ఎరుకనా?”

“ఎరుకే.”

“మొన్న నేను ఫోన్ చేసినప్పుడు సుత?”

“అప్పుడు సుత.”

“హాస్టల్ల అందరికి స్వీట్లు పంచిన,” అంది. “నన్ను జర ఆపేది ఉండె.”

ఈసారి అన్నా అనలేదు.