నేను దాచిన పాస్‌వర్డ్

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది, నేను దాచింది ఎవరికీ దొరకదని. సూరత్‌లో మగ్గాల మీద బతికే మా ఇంట్లో మొదటి కంప్యూటర్ ఉద్యోగం నాదే. (అమ్మ డిండోలి గల్లీ అంతా "మావోడు సర్వర్ నడుపుతుండు" అని చెప్పేది. అదేదో పెద్ద బండి అనుకున్నవాళ్లూ ఉన్నారు.) ఆ ఊళ్లోనే ఉధ్నాలో ఓ సేట్ నడిపే చీరల డిజైన్ల ఆఫీసు. డిజైన్లన్నీ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉండేవి. రోజూ పొద్దున్నే దాన్ని మేమంతా మా సీట్ల నుంచే వాడే లినక్స్ కంప్యూటర్‌కు తగిలించడానికి కమాండ్లన్నీ వరసగా పెట్టి ఓ స్క్రిప్టు రాసి, ఆ తగిలించే 'మౌంట్' కమాండ్‌లోనే పాస్‌వర్డ్ పెట్టేశాను. 'కందిరీగ'. అది మా పైఅధికారి మేడంకు నేను చాటుగా పెట్టుకున్న పేరు. ఆవిడదీ మాలాగే కరీంనగర్ వైపే, మాట అంటే కుట్టినట్టే. స్క్రిప్టు ఫైలును నేను తప్ప ఎవరూ తెరవకుండా కట్టుదిట్టం చేసి, కాలరెగరేసుకుని తిరిగాను.

ఒకరోజు సర్వర్ మొరాయించి, స్క్రిప్టు మధ్యలో ఇరుక్కుపోయింది. మేడం తన సీట్లోంచే పిలిచింది.

"తమ్మీ, జర గిట్ల రా. ఈ కందిరీగ ఎవరు?"

ఉద్యోగం పోయినట్టే. అయినా ఆ భయంలోనూ కుతూహలం ఆగలేదు.

"ఫైలు ఎవరికీ తెరుచుకోదు గద మేడం, మీకెట్ల కనబడ్డది?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, స్క్రీన్ నావైపు తిప్పింది. ఆ కంప్యూటర్‌లో నడుస్తున్న పనుల జాబితా. అందులో ఇరుక్కుపోయిన నా కమాండ్, దాని పక్కనే పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా.

"ఫైలు మూస్తివి, మంచిదే. కమాండ్ నడిచేటప్పుడు ఇది అందరి ముంగట ఒర్రుకుంటనే పోతది. మన డిజైన్లు ఇంకో మిల్లుకు పోతే సేట్ నన్నడుగుతడు, నిన్ను కాదు."

"తప్పయింది మేడం. ఆ పేరు..."

"పేరు మంచిగనే ఉన్నది. పెట్టిన జాగనే మంచిగ లేదు."

పక్కన కుర్చీ వేయించి నేర్పింది: పాస్‌వర్డ్ వేరే ఫైల్లో, దాన్ని రూట్ అనే సర్వాధికారాల ఖాతా ఒక్కటే చదివేలా; స్క్రిప్టులో ఆ ఫైలు ఎక్కడుందో మాత్రమే. పాస్‌వర్డ్ కూడా తనే మార్చేసింది.

"కొత్తది ఏంది మేడం?"

"నీకెందుకు? ఫైలుకు తెలుసు, సాలు."

ఆవిడ ఈ సంగతి సేట్‌కు చెప్పలేదు. ఇప్పుడు నేను ప్రతి స్క్రిప్టూ రెండుసార్లు అనుమానంగా చదువుతాను. మంచి అలవాటే. కానీ ఉద్యోగం ఊడే వేళ కూడా "ఎట్ల కనబడ్డది?" అని అడగగలిగిన అప్పటి నాలోని కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.