ఎరుపు ఎరుగని ఫిల్ము

సమ్మయ్యను సిరిసిల్లలో తన వాడ వాళ్ళంతా "రంగుల సమ్మయ్య" అంటారు. వెక్కిరింపుకే. పుట్టుకతోనే అతని కంటికి ఎరుపు ఆనదు. ఎరుపును ముదురాకుపచ్చ పక్కన పెడితే రెండూ ఒకే నలుపు. మరమగ్గం మీద పచ్చదారం కండె పెట్టాల్సిన చోట ఎర్రదారం కండె పెట్టి, మొన్న చీరల తాను మొత్తం ఖరాబు చేశాడు. సేటు పనిలోంచి తీసేశాడు.

సేటు మాట కంటే తల్లి సత్యవ్వ మాటే ఎక్కువ గుచ్చుకుంది. "ధ్యాస ఉంటే ఎరుపుకు పచ్చకు తేడా తెల్వదార?" అంటుంది. డాక్టరు చెప్పినా నమ్మదు. తాను కన్న కొడుకు కంట్లో లోపమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? నిర్లక్ష్యమంటేనే ఆమెకు నయం.

మనసు బాగాలేక సమ్మయ్య కోరుట్లలోని మేనమామ పరశురాములు దగ్గరికి పోయాడు. తన ఫొటో స్టూడియో మూతపడినా మామకు పాత డబ్బా కెమెరా పిచ్చి పోలేదు. ఒకే వేపకొమ్మవి నలుపు తెలుపు ఫొటోలు రెండు చూపించాడు. ఒకటి అలుక్కుపోయింది. రెండోదాంట్లో ఆకుల ఈనెలు కూడా కనిపిస్తున్నాయి.

"రెండు ఒక్క కెమెరాతోనేనా మామా?"

"ఒక్కదాంతోనే. దీన్ల ఉన్నది ఒంటి అద్దం లెన్సు. నీలం వెలుగు ఒక తావుల కుదిరితే ఎరుపు వెలుగు ఇంకో తావుల కుదురుతది. అన్ని రంగులు జూసే ఫిల్మేస్తే బొమ్మ మసకబారుతది. గీ రెండో ఫిల్ముకు ఎరుపు కనబడదు. గందుకే గింత సాఫ్‌గ వచ్చింది."

ఎరుపు కనబడకపోవడం వల్ల ఒక పని బాగుపడిందని సమ్మయ్య వినడం అదే మొదలు. ప్రాణం లేచొచ్చింది. అదే రకం ఫిల్మున్న కెమెరా అడిగి ఇంటికి తెచ్చుకొని, తల్లిని ఫొటోకు కూర్చోమన్నాడు.

"పని పోయినోనికి ఫొటోల సోకొకటి" అని సణుగుతూనే సత్యవ్వ ముదురాకుపచ్చ అంచు ఎర్రచీర కట్టుకొని, కండెలు చుట్టే రాట్నం ముందు ఎండలో కూర్చుంది.

మామ కడిగిచ్చిన ఫొటో వారం తిరిగేసరికి వచ్చింది. దారం పోగు పోగునా కనిపిస్తుంటే సత్యవ్వ ముఖం విప్పారింది. అంతలోనే నొసలు ముడిపడింది.

"బొట్టేందిర, బొగ్గు పెట్టినట్టున్నది? చీరకు అంచేది? ఎరుపు, పచ్చ ఒక్కతీరుగనే ఉన్నయేంది?"

"గా ఫిల్ముకు ఎరుపు కనబడదవ్వా. నాకు గూడ ఎప్పుడు గట్లనే ఉంటది. చిన్నప్పటి సంది నీ బొట్టును నల్లగనే చూసిన."

సత్యవ్వ చీరను చూసింది, మళ్ళీ ఫొటోను చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. "గిన్నేండ్లు నిన్ను ఉత్తపుణ్యానికే తిట్టిన కొడుకా" అని ఏడ్చేసింది. సమ్మయ్యకూ ఏడుపొచ్చింది కానీ గుండె తేలికైంది.

మర్నాడు ఆమే ఆ ఫొటో పట్టుకొని సేటు దగ్గరికి పోయింది. "మావోని కంటికి ఎరుపు, పచ్చ గిట్లనే కనబడ్తయి. కండెలు చుట్టేది నేనే కద సేటు. ఎర్రదారం చుట్టే కండెల అడుగున గాట్లు పెడ్త. కన్ను చెప్పంది చెయ్యి చెప్తది" అంది. సేటు ఫొటోను తిప్పి తిప్పి చూసి, సరే, సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఇంటికి వచ్చి కొడుకు చేతిలో ఒక కండె పెట్టింది. "గిదేం రంగు?"

సమ్మయ్య కళ్ళు మూసుకొని అడుగున వేలితో తడిమాడు.

"ఎరుపవ్వా."