రేడియేటర్‌లో గాలి తీసిన మూడు రోజులు

“ఏం సప్పుడది?” అన్నాడు మా ఆయన.

“లారీ. ఫ్యాన్ బెల్టు లూజున్నది,” అన్నాను.

“ఊఁ,” అన్నాడు.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరు మాటలు. అటు తిరిగి పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. ఆయన నోట “ఊఁ” వచ్చిందంటే సరిగ్గా చెప్పానని అర్థం. అంతకు మించి ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు.

లారీ చప్పుడు విని బెల్టు సంగతి చెప్పడం నీకెట్లా వచ్చిందని అడుగుతారు. మూడు రోజుల డ్యూటీలో వచ్చింది. ఆయన పదిహేడేళ్లు పట్టాళంలో బండ్లు బాగుచేశాడు. నేను యూనిఫాం వేసుకోలేదు. వేలిముద్ర కాకుండా సంతకం పెట్టడం ఒక్కటే నా చదువు. కానీ ఆ మూడు రోజులు నేనూ ఆయన కింద సిపాయినే.

పోస్టింగ్ చిట్కుల్‌లో మా ఇంటి వాకిట్లో. తొంభైల్లో ఒక ఎండాకాలం. పొద్దున ఆరున్నరకు హాజరయ్యాను. రేకుల షెడ్డు కింద తెల్ల డీజిల్ కారు. దాని ముందు నులక మంచం. మంచం మీద మా ఆయన, చేతిలో కర్ర. గుండె పెద్దదైందని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. పది మాటలు మాట్లాడితే రొప్పు వచ్చేది. గాలి పాశమైలారం ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగింది, మందుల ఘాటు తెచ్చింది. పొగ నేల మీదే నిలబడింది. కారు సగమే కనపడుతోంది. నేను ఎక్కడికో చాలా దూరం వచ్చినట్టు అనిపించింది.

డ్యూటీ ఎందుకు పడిందో చెప్పాలి. ఆ కారు ఫ్యాక్టరీ స్టాఫును షిఫ్టులకు తిప్పేది. మాకు పిల్లల్లేరు, పొలం మిగల్లేదు. ఆయన తర్వాత నాకు ఆ కారే ఉంది. ఒకరోజు రేడియేటర్ పైపు కారింది. చిల్లికి పసుపు వేస్తే పూడుతుందని లారీల వాళ్లు అంటారు. చిటికెడు వేయాలి. దెబ్బ తగిలితే పసుపు అద్దుతాం కదా, పెద్ద దెబ్బకు ఎక్కువ పడుతుంది అనుకుని నేను రెండు పిడికిళ్లు పోశాను. కారడం ఆగింది. మర్నాడు పసుపు లోపల ముద్దకట్టి, కారు నడిరోడ్డు మీద ఉడికి ఆగిపోయింది. డ్రైవర్ తాళాలు ఇచ్చి పని మానేశాడు.

అప్పుడు మా మరిది వచ్చాడు. అతనూ డ్రైవరే.

“వదినకు బండి గురించి ఏం తెలుసన్నా? నాకియ్యి. ఆమెను నేనే సూసుకుంట.”

సూసుకుంట అంటే వాళ్ల వంటింట్లో ఒక మూల. నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు.

“మూడు దినాలాగు,” అన్నాడు మా ఆయన. “మీ వదిననే బాగుచేస్తది. నేను చెయ్యి వెట్ట. బాగైనంక నువ్వే సంగారెడ్డి దాంక నడిపి తీసుకరా, మండే ఎండల. ఉడికితే బండి నీది. ఉడకకుంటే ఆమెది. మళ్లడుగొద్దు.”

మరిది నవ్వాడు. “గట్లనే కానీ అన్నా.”

సామాను: పానాలు నాలుగు, స్క్రూడ్రైవర్ ఒకటి, కొత్త రబ్బరు పైపు, క్లిప్పులు రెండు, జాకీ, ఇటుకలు, తడి గోనెపట్ట. మాట్లాడే ఓపిక లేదు కనుక ఆయన కర్రతో ఆర్డర్లు ఇచ్చాడు. మంచంకోడు మీద ఒక దెబ్బ అంటే పైపు నొక్కు. రెండంటే నీళ్లు పోయి. మూడంటే ఆగు.

మొదటి రోజు కింద బిరడా తిప్పి నీళ్లు వదిలాను. పచ్చటి నీళ్లు వచ్చాయి, ముద్దలు ముద్దలుగా. ఆయన బేసిన్‌లోకి తొంగి చూశాడు.

“కూర మంచిగనే వండినవ్. ఉప్పేసినవా?”

“నవ్వకు. దమ్మొస్తది.”

“నవ్వకుంటే సిపాయి భయపడ్తడు.”

కింది పైపులోంచి నీళ్లు కొట్టి పైకి కడిగాను. పచ్చదనం పోయేసరికి సాయంత్రం నాలుగైంది. చీర పచ్చ, చేతులు పచ్చ, వాకిలంతా పచ్చ.

రెండో రోజు చిల్లి ఉన్న పాత పైపు తీసి కొత్తది బిగించాను. బోరు నీళ్లు పోయబోతే కర్ర మూడు సార్లు మోగింది. మా బోరు నీళ్లు ఆరితే గిన్నెకు తెల్లగా పట్టేవి. రేడియేటర్‌లోనూ అంతే పడుతుంది. ట్యాంకర్ దగ్గర పట్టిన తాగే నీళ్లు తెచ్చాను. ఎదురింటి ఎల్లమ్మ గోడ మీదుగా చూసింది.

“ఏందే, తాగే నీళ్లు బండికి పోస్తున్నవ్? మొగనికి పోసినవా లేదా?”

“మొగడే బండికి పొయ్యమన్నడక్కా.”

“ఇద్దరికీ పిచ్చి లేసింది.”

తొందరలో బిందె వంచి ఒక్కసారే పోశాను. మూతి దాకా నిండింది. మూత పెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాను. పది నిమిషాల్లో హీటు ముల్లు పైకి లేచింది. ఆవిరి కక్కింది. ఆర్పేశాను. మెట్టు మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. మరిది వంటిల్లు కళ్ల ముందుకొచ్చింది.

“పైపులు ముట్టిచూడు,” అన్నాడు మా ఆయన.

గోనెపట్ట అడ్డం పెట్టి ముట్టుకున్నాను. పైది కాలుతోంది. కిందిది చల్లగా ఉంది.

“నీళ్లు నిండినయ్ అనుకున్నవ్. లోపల గాలి కూసున్నది. అది నీళ్లను తిరగనిస్తలేదు.”

ఆవిరి షెడ్డు కింద తేలుతోంది. దాని వెనుక ఆయన ముఖం కనపడీ కనపడకుండా ఉంది. పట్టాళంలో ఉండగా మంచు కొండల మీద నీళ్లు గడ్డకట్టి ఇంజన్ పగులుతుందని సాయంత్రం నీళ్లు వదిలేసి, పొద్దున వేడి నీళ్లు పోసేవారట. అది చెబుతూ ఆయన కళ్లు మూసుకున్నాడు. చిట్కుల్ ఎండలో కూర్చుని నాకు చలేసింది. మేమిద్దరం ఆ కొండ మీదే ఉన్నట్టు, కింద ఊరు లేనట్టు అనిపించింది.

మూడో రోజు, పొద్దున ఏడు. వెనుక చక్రాలకు రాళ్లు పెట్టాను. జాకీతో కారు ముందు భాగం లేపి చక్రాల కింద ఇటుకలు పేర్చాను. గాలి పైకే పోతుంది కనుక మూతి అన్నిటికన్నా ఎత్తున ఉండాలి. ఈసారి చెంబుతో, సన్నటి ధారగా పోశాను. మూత పెట్టకుండా ఇంజన్ స్టార్ట్ చేశాను.

ఒక దెబ్బ. పైపు నొక్కాను. బుడగ వచ్చింది. నీళ్లు జారాయి.

రెండు దెబ్బలు. పోశాను.

ఒకటి. రెండు. ఒకటి. రెండు. ఇంజన్ ఒకే రాగం మీద ఉంది. పెద్ద బుడగలు పోయాయి, చిన్నవి వచ్చాయి. తర్వాత ఆవగింజలంత. కింది పైపు ముట్టుకున్నాను. వెచ్చబడింది. వేడెక్కింది.

“సాబ్, కిందికి తిరిగినయ్!”

మూడు దెబ్బలు. తల ఎత్తితే ఆయన రొప్పుతున్నాడు, తానే పైపు నొక్కినట్టు.

మధ్యాహ్నం రెండింటికి మరిది కారు తీశాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఇస్నాపూర్ దాటి హైవే ఎక్కాం. ఎండకు రోడ్డు నీళ్లలా మెరుస్తోంది, లారీలు ఆ నీళ్లలోంచి లేచి వస్తున్నాయి. మరిది కావాలనే గేరు తగ్గించి ఇంజన్‌ను ఏడిపించాడు. నేను ముల్లునే చూశాను. సగం దగ్గర నిలిచింది. సంగారెడ్డి వచ్చింది. తిరిగాం. ముల్లు కదల్లేదు.

నాలుగుంపావుకు వాకిట్లో ఆపాడు. తాళం చెవి నా వైపు చాపాడు.

“వదినా, రేపు పొద్దుగాల షిఫ్టుకు నేను తీస్కవోవాల్నా?”

“టైముకొస్తే తీస్కపో.”

ఇంజన్ చల్లారేదాకా గంటసేపు ఆగి మూత తీశాను. నీళ్లు మూతి దాకా ఉన్నాయి, చుక్క తగ్గలేదు. మా ఆయన మంచం మీంచి లేచాడు. కర్ర వదిలి నా భుజం పట్టుకుని వంగాడు. గాజంత మూతి. అందులో నిలిచిన నీళ్లు, కదలకుండా. రేకుల చివర మిగిలిన ఆకాశం తునక అందులో ఉంది. దాని ఒక పక్క ఆయన తల, ఒక పక్క నా తల. ఎవరమూ ఊపిరి వదల్లేదు, నీళ్లు కదులుతాయని.

ఇన్నేళ్లయినా కళ్లు మూస్తే నాకు అదే కనిపిస్తుంది. కారు తర్వాత ఎన్నో చేతులు మారింది, ఆ నీళ్లు మాత్రం ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాయి.

ఇగ సాలు, రాసుడు ఆపు. నువ్వు మా అక్క బిడ్డవు, నా మాటలను పుస్తకం మాటలు చేసినవ్. అవి నా మాటలే ఉన్నయో లేవో ఇనాలె. జెర మొదటికెంచి సదువు బిడ్డా, మెల్లగ.